వెల్డింగ్ నేర్పేది కాలేజీ ఎలా అవుతుంది?

ప్రశ్న: మా అల్లుడికి అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చింది. అక్కడ వెల్డింగ్, లారీ డ్రైవింగ్ కూడా నేర్పుతారట. ఐటీఐ లాంటిదేగా అని మావాళ్లు తేలిగ్గా మాట్లాడుతుంటే అమ్మాయి బాధపడుతోంది. అది నిజంగా కాలేజీయేనా? ఆ ఊళ్లకి దానివల్ల ఏం లాభం?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాలేజీయేనమ్మా. అదే రాష్ట్రంలో అలాంటి చోటే నేను తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పాను. ఈ తరహా ప్రభుత్వ కాలేజీ మొదట 1901లో ఇల్లినాయ్ రాష్ట్రం జోలియట్‌లో ఆరుగురు విద్యార్థులతో మొదలైంది. రెండేళ్లు చదివితే అసోసియేట్ డిగ్రీ వస్తుంది. ఆ తర్వాత యూనివర్సిటీకి వెళ్లి బీయే, బీయెస్సీ పూర్తి చేసేవాళ్లూ ఉంటారు.

లెక్కలూ వెల్డింగూ ఒకే కప్పు కింద ఎందుకని నాకూ మొదట్లో అనిపించేది. ఒక సాయంత్రం ఎలక్ట్రికల్ కోర్సు వాళ్లకి త్రికోణమితి చెబుతున్నాను. గోడ వెంట వైరింగ్ పైపు వెళ్తుంటే దూలం అడ్డొచ్చింది. పైపుని 30 డిగ్రీలు వంచి దూలం దాటించి, మళ్లీ తిన్నగా చెయ్యాలి. రెండు వంపుల మధ్య దూరమెంత? పైపు ఎంత ఎత్తు లేవాలో దాన్ని 2తో గుణిస్తే చాలు. 45 డిగ్రీలైతే 1.414తో. పగలంతా పనిచేసి వచ్చిన ఒక నడివయసు విద్యార్థి ఆ 2ని ఏళ్ల తరబడి వాడుతున్నాడు, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం తెలియదు. బోర్డు మీద సైన్ 30 అంటే సగం, అంటే లేచిన ఎత్తు ఏటవాలు పైపు పొడవులో సగమే అని రాయగానే లేచి నిలబడ్డాడు. బడిలో లెక్కలు రావని ఇంటికి పంపేసిన మనిషి! చదువంటే ఇది కాదా అమ్మా?

ఇక ఊళ్ల సంగతి. 1980లలో అయోవా రైతులు అప్పుల్లో మునిగి, పొలాలు వేలానికి పోయాయి. ఆ రోజుల్లోనే, 1983లో, రాష్ట్రం ఒక చట్టం చేసింది. నాకు చాలా నచ్చే ఏర్పాటు అది. ఒక ఫ్యాక్టరీ విస్తరించి కొత్తవాళ్లని తీసుకోవాలనుకుంటే, వాళ్ల శిక్షణ ఖర్చుకి కమ్యూనిటీ కాలేజీయే బాండ్లు అమ్మి డబ్బు తెస్తుంది. ఆ కొత్త ఉద్యోగుల జీతాల్లోంచి పట్టుకునే రాష్ట్ర ఆదాయపు పన్నులో కొంత భాగం ఖజానాకి వెళ్లకుండా ఆ అప్పు తీర్చడానికి పోతుంది. పనివాడి జేబులోంచి అదనంగా ఒక్క డాలరు కూడా పోదు.

గాలిమరలు ఇంకో ఉదాహరణ. ఇప్పుడు అయోవాలో తయారయ్యే కరెంటులో సగానికి పైగా గాలిదే. వాటిని బాగుచేసే మనిషి ఆ దగ్గర్లోనే ఉండాలి కదా. ఎస్తర్‌విల్ అనే చిన్న ఊళ్లో అయోవా లేక్స్ కమ్యూనిటీ కాలేజీ 2004లోనే ఈ కోర్సు పెట్టింది. నర్సులూ అంతే. రెండేళ్ల కోర్సు చేసినవాళ్లూ, నాలుగేళ్లు చదివినవాళ్లూ రిజిస్టర్డ్ నర్సు లైసెన్సుకి రాసే పరీక్ష ఒక్కటే.

అన్నీ బాగుంటాయని చెప్పను. మధ్యలో మానేసేవాళ్లు చాలామంది. తెలివి లేక కాదు, కారు చెడిపోతేనో, బిడ్డకి జ్వరమొస్తేనో ఆ టెర్మ్ పోయినట్టే. మా దగ్గర ఒక కంపెనీ కోసం దాని మెషీన్ ఒక్కటే నేర్పాం. కొన్నేళ్లకి ఆ కంపెనీ మూతపడింది. ఆ మెషీన్ తప్ప ఇంకేమీ నేర్చుకోని పిల్లలు కొత్త పని దొరక్క నలిగిపోయారు. డ్రాయింగ్ చదవడం, లెక్క కట్టడం వచ్చినవాళ్లు త్వరగా వేరేచోట కుదురుకున్నారు. అప్పటి నుంచి, ఎంత చిన్న కోర్సయినా లెక్కల గంటలు తగ్గిస్తామంటే నేను ఒప్పుకోలేదు. మీ అల్లుడి ఉద్యోగం అక్కడ ఎంత అవసరమో అమ్మాయికి ఈ మాట చెప్పండి.

అతన్ని మాత్రం మొదటి వారంలోనే వెల్డింగ్ షాపుకి వెళ్లి కాసేపు నిలబడి చూడమనండి. అక్కడ కొలతలన్నీ అంగుళాల్లో, అంగుళంలో పదహారో వంతుల్లో ఉంటాయి. సెంటీమీటర్లతో పెరిగిన మనకి ఆ భిన్నాలు చేతికి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది.