జుట్టు నాటించుకున్న క్లినిక్‌కు సీల్ వేశారు.. ఇప్పుడు నేనేం చేయాలి?

ప్రశ్న: నా వయసు 29. మాది కరీంనగర్. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పన్నెండు రోజుల క్రితం ఇక్కడి ఒక ప్రైవేటు క్లినిక్‌లో 2,600 గ్రాఫ్టులు (నాటే వెంట్రుక కుదుళ్లు) పెట్టించుకున్నాను. రోజంతా ఇద్దరు టెక్నీషియన్లే చేశారు, డాక్టర్ ఎవరో నాకు తెలియదు. పోయిన వారం జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులు తనిఖీకి వచ్చి, రిజిస్ట్రేషన్ లేదని, అర్హత ఉన్న డాక్టర్ లేరని సీల్ వేశారు. మిగతా సిట్టింగ్, పీఆర్‌పీ వేరే బ్రాంచ్‌లో ఉచితంగా చేస్తాం రమ్మని క్లినిక్ వాళ్లు ఫోన్ చేస్తున్నారు. రోజూ కొట్టుకోమని లేబుల్ లేని స్ప్రే సీసా ఇచ్చారు. పెట్టిన వెంట్రుకలు రాలడం మొదలైంది. నాలుగు నెలల్లో పెళ్లి. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జవాబు: వెంట్రుకలు రాలుతున్నాయని భయపడకండి. నాటిన వెంట్రుకల్లో చాలావరకు రెండు నుంచి ఆరు వారాల మధ్య ఊడిపోతాయి. పైకి కనిపించే వెంట్రుక పోయినా కుదురు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు సన్నగా మొలవడం మొదలవుతుంది. పూర్తి ఫలితం తెలియడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. అంటే ఎంత మంచి చోట చేయించుకున్నా, మీ పెళ్లి నాటికి ఆ జుట్టు నిండుగా రాదు. డబ్బు కట్టించుకునే ముందే మీకు ఈ మాట చెప్పాల్సింది.

గ్రాఫ్టుల్లో ఎన్ని బతుకుతాయో ఇప్పుడే చెప్పలేం. పీకిన నారును గట్టు మీద ఎండకు వదిలేస్తే నాటినా తేరుకోదు కదా, గ్రాఫ్టుల సంగతీ అంతే. బయటికి తీశాక వాటిని తడి ఆరకుండా, చల్లగా ఉంచి, వీలైనంత త్వరగా నాటాలి. మీ విషయంలో అదెలా జరిగిందో తెలియదు కాబట్టి ఏడాది వరకు ఆగి చూడాల్సిందే.

ముందు ఈ రెండు రోజుల్లో ఒక చర్మవ్యాధి నిపుణుడికి గానీ ప్లాస్టిక్ సర్జన్‌కు గానీ తల చూపించండి. పన్నెండో రోజుకు పక్కులు చాలావరకు రాలిపోయి ఉండాలి. కొద్దిగా ఎరుపు, దురద, అక్కడక్కడ చిన్న పొక్కులు ఉంటే కంగారు అక్కర్లేదు. చీము, రోజురోజుకూ పెరిగే నొప్పి, పాకుతున్న ఎరుపు, జ్వరం, చర్మం నల్లబడిన మచ్చ.. వీటిలో ఏది ఉన్నా ఈరోజే వెళ్లాలి. ఆ స్ప్రే ఆపేయండి. అందులో జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ ఉందో, స్టెరాయిడ్ ఉందో ఎవరికి తెలుసు? కానీ సీసా పారేయకండి, డాక్టర్‌కు చూపించండి.

మీరు అడగలేదు గానీ, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది రక్త పరీక్షల సంగతి. ఈ పద్ధతిలో దాదాపు ఒక మిల్లీమీటరు వెడల్పున్న పంచ్‌తో (గొట్టంలాంటి చిన్న కత్తితో) వేల రంధ్రాలు చేస్తారు. ఆ పంచ్ కొత్తదై ఉండాలి, లేదా ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరి యంత్రంలో, శుద్ధి చేసిందై ఉండాలి. రిజిస్ట్రేషనే లేని చోట ఆ జాగ్రత్తలు పాటించారని నమ్మలేం. ప్రమాదం తక్కువే, అయినా పరీక్షించుకోవాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. ఆ గడువు దాటింది కాబట్టి ఇక పరీక్షలే దారి. ఇప్పుడు ఒకసారి హెచ్ఐవీ, హెపటైటిస్-బి, సి పరీక్షలు చేయించండి. ఇప్పుడు నెగెటివ్ వస్తే అది ఆపరేషన్‌కు ముందు మీ పరిస్థితి చెబుతుంది, అంతే. హెచ్ఐవీకి ఆరు వారాలకు, మూడు నెలలకు మళ్లీ చేయించాలి. హెపటైటిస్-సి కి ఆరు వారాలప్పుడు ఆర్ఎన్ఏ పరీక్ష (నేరుగా వైరస్‌నే వెతికేది), ఆరు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేస్తారు. ఒకవేళ అది వచ్చినా సాధారణంగా మూడు నెలల మాత్రలతో నయమవుతుంది. హెపటైటిస్-బి టీకా గతంలో వేసుకోకపోతే వెంటనే మొదలుపెట్టండి. హెపటైటిస్-బి పరీక్ష కూడా ఆరు నెలలకు మరోసారి చేయించాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ విషయం కూడా డాక్టర్‌ను అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ (సలహా, పరీక్షల) కేంద్రాల్లో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు.

హెచ్ఐవీ చివరి రిపోర్టు పెళ్లిలోగా వచ్చేస్తుంది. హెపటైటిస్-బి, సి ఆఖరి రిపోర్టులు మాత్రం పెళ్లి తర్వాతే. అందుకే మీకు కాబోయే ఆమెకు ఈ విషయం చెప్పండి. ఆమె హెపటైటిస్-బి టీకా వేసుకోవడం మంచిది. ఆ రిపోర్టులు వచ్చేదాకా కండోమ్ వాడండి, రక్తదానం చేయకండి, రేజర్ ఎవరితోనూ పంచుకోకండి. జుట్టు నాటించుకోవడం దాచుకోవాల్సిన తప్పేమీ కాదు. ఇంట్లో కనీసం ఒక్కరికైనా చెబితే మీకూ కాస్త నిద్ర పడుతుంది.

ఇక బ్రాంచ్ సంగతి. వెళ్లవద్దు. ఉచితమన్నా వెళ్లవద్దు. పీఆర్‌పీ అంటే మీ రక్తమే తీసి, వేరుచేసి, తిరిగి తలలోకి ఎక్కించడం. ట్యూబులు తారుమారైతే మరొకరి రక్తం మీ తలలోకి వెళ్తుంది.

తనిఖీకి వచ్చినవాళ్లు కాగితాల కోసమే క్లినిక్ మూయించారని క్లినిక్ వాళ్లు మీతో అనొచ్చు. ఆ కాగితాల వెనకే ప్రాణాల సంగతి ఉంది. 2021లో ఢిల్లీలో ఒక సెలూన్‌లో జుట్టు నాటించుకున్న యువకుడు ఇన్ఫెక్షన్‌తో చనిపోయాడు. ఆ విషయం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. యూట్యూబ్‌లో చూసి నేర్చుకునే పని కాదు ఇది, తగిన శస్త్రచికిత్స శిక్షణ పొందిన డాక్టరే చేయాలి, అత్యవసర పరికరాలు ఉండాలి అని అందులో స్పష్టంగా ఉంది. పరికరాలు ఎందుకంటే, తల మొద్దుబారడానికి ఇచ్చే లిగ్నోకైన్‌కు ఒక హద్దుంది. అడ్రినలిన్ కలిపి ఇచ్చినా కిలో బరువుకు సుమారు 7 మిల్లీగ్రాములు దాటకూడదు. 70 కిలోల మనిషికి 2 శాతం మందు 24 మిల్లీలీటర్లకే ఆ హద్దు వస్తుంది. రోజంతా సాగే పనిలో మళ్లీ మళ్లీ పొడుస్తుంటే ఎవరో ఒకరు లెక్క రాసుకోవాలి. మోతాదు మించితే చెవుల్లో హోరు, నోటి చుట్టూ తిమ్మిరి మొదలై ఫిట్స్, గుండె ఆగడం దాకా పోవచ్చు. ఆక్సిజన్, అడ్రినలిన్, వాటిని వాడడం తెలిసిన డాక్టర్ పక్కన లేకపోతే అక్కడితో అయిపోయినట్టే.

తెలంగాణలో ఇలాంటి చోటు క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద నమోదై, ఆ సర్టిఫికెట్‌ను కనిపించేలా పెట్టాలి. మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్ దానికి బదులు కాదు. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి వైద్య మండలి జాబితాలో చూసుకోవచ్చు. నంబరు అడిగితే ముఖం చిట్లించే చోట తల పెట్టకండి.

మీ కేస్ షీట్, సమ్మతి పత్రం, వాడిన మందుల వివరాలు ఇమ్మని క్లినిక్‌ను రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని వైద్య నైతిక నిబంధనలున్నాయి. అక్కడ డాక్టరే లేకపోతే, రికార్డులు లేవని తేలితే, ఆ సంగతే జిల్లా వైద్యాధికారికీ తెలంగాణ వైద్య మండలికీ రాసి ఇవ్వండి. అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మీరు రాసిచ్చేది ఆ కేసుకు బలం. డబ్బు వెనక్కి రావడానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, బిల్లులు, ఫోన్ మెసేజ్‌లు చెరిపేయకుండా ఉంచుకోండి. వీటన్నిటికంటే ముందు, రేపు పొద్దున్నే రక్త పరీక్షలకు వెళ్లండి.