ఆగినప్పుడు ఇంజన్ వణుకుతోంది, పికప్ లేదు: మెకానిక్ కంటే ముందు ఏం చూసుకోవాలి?

మీ పెట్రోల్ కారు ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, వణుకుతోందని, ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదని, డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మతో ఉండే చెక్ లైట్ వెలిగిందని రాశారు. ఇంట్లో చూసుకోగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు. చాలానే ఉందండి.

రెండేళ్ల కిందట మాకూ ఇలాగే అయింది. విజయనగరం నుంచి కోరాపుట్ బయల్దేరాం. రామభద్రపురం, సాలూరు దాకా బాగానే వచ్చిన బండి సుంకి ఘాట్ ఎక్కుతుంటే మొరాయించింది. చెక్ లైట్ ఆరుతూ వెలుగుతూ కొట్టుకోవడం మొదలైంది. వెనక సీట్లో పిల్లలు, ముందు ఆ మలుపులు. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. నెమ్మదిగా వెనక్కి దిగి ఒక షెడ్డులో చూపిస్తే, బానెట్ ఎత్తి వినగానే ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలన్నారు. ఏ పరీక్షా చేయకుండా అంత ఖర్చు చెప్తే నేను ఒప్పుకోలేదు. మీరూ ఒప్పుకోవద్దు.

ముందు ఆ లైటు చూడండి. నిలకడగా వెలుగుతుంటే ఇంటిదాకా మెల్లగా రావచ్చు. కొట్టుకుంటుంటే మాత్రం బండి పక్కన ఆపేయండి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి మండి దాన్ని పాడుచేస్తుంది. అది చాలా ఖరీదు.

తర్వాత స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి చిన్న ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టండి. ఫోన్‌లోనే కోడ్ కనిపిస్తుంది. నాకు పీ0302 వచ్చింది. అంటే రెండో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదు, మిస్సింగ్ అంటారు. పీ0300 వస్తే ఫలానా సిలిండర్ అని తేలలేదన్నమాట.

ఇప్పుడు అసలు పరీక్ష. సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించేది స్పార్క్ ప్లగ్గు, దానికి కరెంటు ఇచ్చేది కాయిల్. ప్లగ్గు ప్లగ్గుకీ విడిగా కాయిల్ ఉన్న బండి అయితే, ఇంజన్ పూర్తిగా చల్లారాక, కీ ఆపేసి, రెండో కాయిల్‌నీ మూడో కాయిల్‌నీ అటూ ఇటూ మార్చండి. కోడ్ చెరిపి మళ్లీ స్టార్ట్ చేయండి. కోడ్ పీ0303కి మారిందా, కాయిల్ దోషమే. మారకపోతే ప్లగ్గులు అలాగే మార్చి చూడండి. వేడి మీద ప్లగ్ విప్పకండి, అల్యూమినియం మర లేచిపోతుంది. బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి. అప్పటికీ కోడ్ కదలకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడాలి. అది మెకానిక్ పని.

మా బండికి కోడ్ మూడోదానికి మారింది. కానీ కాయిల్ పైకి లాగినప్పుడు దాని రబ్బరు గొట్టం ఆయిల్‌తో జిడ్డుగా ఉంది. ప్లగ్ తీస్తే తెల్లటి పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. రబ్బరు లోపలా అలాంటిదే. కరెంటు ప్లగ్ కొన దాకా పోకుండా ఆ గీత వెంటే దిగిపోతోందన్నమాట. ఆయిల్ కారింది ఇంజన్ పైమూత, అంటే టప్పెట్ కవర్, సీల్ నుంచి. కాయిల్ ఒక్కటే వేసి వదిలేస్తే కొత్తదీ అలాగే పోయేది. సీల్, ప్లగ్గులు, ఒక కాయిల్ వేశాం. మళ్లీ అదే ఘాట్ ఎక్కి చూశాను, ఒక్కసారి కూడా తడబడలేదు.

ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి దులిపి చూడండి. ధాన్యం బస్తాల పక్కన బండి పెట్టేవాళ్లయితే ఎలుకలు వైర్లు కొరికాయేమో వెతకండి. వేడెక్కాక కూడా తెల్లటి పొగ వస్తూ కూలెంట్ తగ్గుతుంటే మాత్రం బండి నడపొద్దు.

స్కానర్‌లో ఏ కోడ్ వచ్చిందో, బండి ఏ మోడలో రాయండి. తర్వాత ఏది విప్పాలో చెప్తాను.