పిండం గర్భాశయపు లోపలి పొరకు ఎలా అంటుకుంటుంది?

గర్భాశయపు లోపలి పొర, అంటే ఎండోమెట్రియం, ఎక్కువ రోజులు పిండాన్ని అంటనివ్వదు. 28 రోజుల ఋతుచక్రంలో సుమారు 20 నుంచి 24వ రోజు వరకు మాత్రమే అందుకు అనువుగా ఉంటుంది. ఈ మార్పులో కణాల ఉపరితలంపై ఉండే సంశ్లేషణ అణువులకు, అంటే కణాలను ఒకదానితో ఒకటి, చుట్టూ ఉన్న పదార్థంతోనూ అతికి ఉంచే ప్రోటీన్లకు, ముఖ్యమైన పాత్ర ఉంది.

వీటిలో బాగా పరిశోధించినవి ఇంటిగ్రిన్లు. ఆల్ఫా, బీటా అనే రెండు గొలుసులు జతకూడితే ఒక ఇంటిగ్రిన్ ఏర్పడుతుంది. ఆల్ఫా-వి బీటా-3 అనే రకం సరిగ్గా ఆ అనువైన రోజులు మొదలయ్యే సమయానికి పొర పైకణాల మీద కనిపించి, ఆస్టియోపాంటిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ప్రభావం వల్ల ఆ కణాల్లో దాని గ్రాహకాలే, అంటే ఆ హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్లే, తగ్గిపోవడం ఇందుకు దారి తీస్తుందని భావిస్తారు. పిండం గట్టిగా అతుక్కునే ముందు, దాని బయటి కణాల మీది ఎల్-సెలెక్టిన్ అనే మరో సంశ్లేషణ అణువు, గర్భాశయపు పొర మీది చక్కెర గొలుసులను వదులుగా పట్టుకుంటుంది. రక్తంలోని తెల్లకణాలు నాళాల గోడల దగ్గర నెమ్మదించేదీ ఇదే పద్ధతిలో కావడం నిజంగా ఆశ్చర్యకరం. పైకణాలను పక్కపక్కన కలిపి ఉంచే పని ఈ-కాడ్హెరిన్ అనే ఇంకో సంశ్లేషణ అణువుది.

ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయపు లోపలి పొర వంటి కణజాలం గర్భాశయం బయట పెరిగే వ్యాధి, ఉన్న కొందరిలో ఆల్ఫా-వి బీటా-3 తక్కువగా కనిపించింది. అయితే అంటుకోవడం అనేక అణువులు కలిసి చేసే పని కాబట్టి, ఆ ఒక్కటి లోపించినంత మాత్రాన గర్భం నిలవదని నిర్ధారించడం సరికాదు.