బహుళ సంస్కృతుల బాలసాహిత్యం కోర్సు తీసుకోవచ్చా? ఉద్యోగానికి పనికొస్తుందా?

మీరడిగింది ఇదీ: లైబ్రరీ సైన్స్ మాస్టర్స్‌కి అమెరికా వచ్చారు, పిల్లలు, టీనేజర్ల మల్టీకల్చరల్ సాహిత్యం ఎలెక్టివ్‌గా కనిపిస్తోంది. ఇక్కడి పిల్లల పుస్తకాలు ఒక్కటీ చదవకుండా పెరిగిన మనకి అది కొరుకుడు పడుతుందా అని. నేను ఆ కోర్సు చేశాను, ఇప్పుడు ఒక పబ్లిక్ లైబ్రరీలో పిల్లల విభాగంలో ఉన్నాను. తీసుకోండి. కాకపోతే పిల్లల పుస్తకాలే కదా, ఇట్టే గట్టెక్కేయొచ్చు అనుకుని మాత్రం తీసుకోకండి. బొమ్మల పుస్తకాలు కుప్పలుగా చదవాలి, వాటి మీద నవలలు, అన్నింటికీ రాతపని.

మొదటి వారాలు చరిత్ర. 1965లో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త రాసిన వ్యాసం తప్పకుండా ఉంటుంది. 1962–64 మధ్య వచ్చిన అయిదు వేల పైచిలుకు పిల్లల పుస్తకాలు పరిశీలిస్తే, నల్లజాతి మనిషి ఒక్కరైనా కనిపించినవి 6.7 శాతమేనని తేల్చిందావిడ. తర్వాత 1990లో బాలసాహిత్య ప్రొఫెసర్ రుడీన్ సిమ్స్ బిషప్ చెప్పిన అద్దాలు, కిటికీలు, జారుడు గాజు తలుపులు. పిల్లలకి పుస్తకంలో తమ ముఖమూ కనపడాలి, పక్కవాళ్ల ఇల్లూ కనపడాలి, వీలైతే అందులోకి అడుగూ పెట్టగలగాలి అని. ప్రతివాళ్లూ ప్రతి పేపర్లో ఈ మూడు మాటలే దట్టిస్తారు. మీరు కాస్త పొదుపుగా వాడండి, ప్రొఫెసర్ సంతోషిస్తారు.

అసలు చదువు బొమ్మ చూడటం దగ్గర మొదలవుతుంది. ఎజ్రా జాక్ కీట్స్ 1962లో వేసిన 'ది స్నోయీ డే' తీసుకోండి. ఎర్ర కోటు తొడుక్కున్న పీటర్ అనే నల్ల పిల్లాడు మంచులో ఆడుకుంటాడు, అంతే కథ. పిల్లాడి రంగు గురించి వాక్యాల్లో ఒక్క ముక్కా ఉండదు, బొమ్మే చెబుతుంది. మరుసటేడు దానికి కాల్డెకాట్ బహుమతి వచ్చింది, అమెరికాలో ఏటా బొమ్మల పుస్తకానికి ఇచ్చేది. కానీ కీట్స్ బ్రూక్లిన్‌లో పుట్టిన తెల్లాయన, పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు దంపతుల కొడుకు. లారిక్‌కి ఆ పుస్తకంలో పీటర్ తల్లి బొమ్మ నచ్చలేదు: భారీ మనిషి, కొట్టొచ్చినట్టుండే పసుపు గళ్ల గౌను. పాత పుస్తకాల్లో నల్లజాతి పనిమనుషుల్ని గీసిన తీరు అందులో కనపడింది ఆవిడకి. మరోపక్క, తన క్లాసు పిల్లలు మొదటిసారి గోధుమరంగు క్రేయాన్ తీసుకుని తమ బొమ్మ తాము వేసుకుంటున్నారని ఒక టీచర్ కీట్స్‌కి ఉత్తరం రాసింది. మా క్లాసంతా ఆ గౌను మీదే గడిచిపోయింది. తేలలేదు. నాకు రెండు మాటలూ నిజమే అనిపిస్తాయి ఇప్పటికీ.

మన వంతు కూడా వస్తుంది. 1899లో మన దేశంలో కాపురమున్న స్కాట్లండ్ ఆవిడ హెలెన్ బానర్‌మన్ ఒక కథ రాసింది. పులులు చెట్టు చుట్టూ పరిగెత్తి పరిగెత్తి కరిగి నెయ్యైపోతాయి, ఆ నేతితో అట్లు వేసుకు తింటారు. కథలో పులులూ నెయ్యీ మనవి, బొమ్మల్లో మనుషులు మాత్రం నల్లవాళ్లని వెక్కిరిస్తున్నట్టుంటారు. పిల్లాడి పేరు శాంబో, అమెరికాలో అది అప్పటికే నల్లవాళ్లని కించపరిచే మాట. 1996లో ఇద్దరు చిత్రకారులు దీన్ని తిరిగి వేశారు. ఫ్రెడ్ మార్సెలినో పేర్లు మార్చి కథని భారతదేశంలో పెట్టాడు. జెర్రీ పింక్నీ బొమ్మలతో జూలియస్ లెస్టర్ దాన్ని పూర్తిగా కొత్తగా చెప్పాడు. మూడూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే సగం కోర్సు అయిపోయినట్టే.

ఆ రోజు అందరూ నా వైపు తిరిగారు, ఇండియా నుంచి వచ్చావుగా, నువ్వే చెప్పు అని. మీకూ జరుగుతుంది. దేశం మొత్తానికి వకాల్తా పుచ్చుకోకండి. నెయ్యి కాచే సంగతైతే చెప్పగలను గానీ గోండు గూడెంలో పెరిగే పిల్లల సంగతి నాకేం తెలుసు? ఆ మాటే చెప్పేశాను. ఫైనల్ ప్రాజెక్టుకి మాత్రం హైదరాబాద్‌లోని స్త్రీల అధ్యయన సంస్థ అన్వేషి వాళ్లు 2008లో తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' పుస్తకాలు ఎంచుకున్నాను. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు లాంటి వాళ్ల కథలు. ఒకదాంట్లో ఇంట్లో తలకాయ కూర వండుకోవడమే కథ. దీపావళి, సమోసా, చీర దాటి ఇండియా ఉందని క్లాసుకి చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

ఉద్యోగం సంగతంటారా, పుస్తకాలు తెప్పించేటప్పుడు రోజూ పనికొస్తుంది. ఎవరి గురించి రాశారు, ఎవరు రాశారు అనేవి రెండు వేర్వేరు లెక్కలు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని బాలల పుస్తక కేంద్రం 1985లో లెక్క తీస్తే, దాదాపు 2,500 పుస్తకాల్లో నల్లజాతి రచయితలు, చిత్రకారులు చేసినవి 18. పబ్లిషర్ క్యాటలాగ్ రాగానే నేను ముందు రచయిత పరిచయమే తిప్పి చూస్తాను. పండగల పుస్తకాలు ఎలాగూ వస్తాయి. పన్ను ఊడిన పిల్ల, తమ్ముడితో కొట్లాడే పిల్ల మన పిల్లైన పుస్తకాల కోసం వెతుక్కోవాలి.

రీడింగ్ లిస్టు కోసం ప్రొఫెసర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టండి. ఏదీ కొనకండి, మీ లైబ్రరీలో లేనివి, వేరే లైబ్రరీల నుంచి తెప్పించిపెట్టే ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో వస్తాయి. కామిక్స్‌లా బొమ్మలతో నడిచే గ్రాఫిక్ నవలలకి మాత్రం ముందే హోల్డ్ పెట్టి మీ పేరున ఉంచుకోండి, ఉన్న ఒక్క కాపీ కోసం క్లాసంతా ఎగబడుతుంది.