సింగరాయకొండలో కొట్టు పెట్టిన అమ్మడికి

చిరంజీవి అమ్మడికి, నెల్లూరు నుంచి మీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

కొట్టు తెరిచావని, గల్లాపెట్టె పక్కన స్కానర్, సౌండ్ బాక్స్ కూడా పెట్టించావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. పోస్టాఫీసు కౌంటర్లో ఊళ్లోవాళ్ల డబ్బు లెక్కపెడుతూ ఉద్యోగం చేసినదాన్ని కదా, నీ డబ్బు గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. ఫోన్లో చెబితే బేరాల హడావుడిలో సగమే వింటావు. అందుకే రాస్తున్నాను.

ఫోన్ డబ్బు మంచిదే. యూపీఐ వచ్చింది 2016లో. ఆ ఏడాది నవంబరులోనే పెద్ద నోట్లు రద్దయ్యాయి, ఆ రోజుల్లో మా కౌంటర్ ముందు జనం పడ్డ అవస్థ నేను మరచిపోలేను. ఇప్పుడు చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టే బాధ తప్పింది. కాకపోతే ఆ ఫోన్ నీకు పని చేసిపెట్టాలి గానీ, నీ మీదా నీ కొట్టుకొచ్చేవాళ్ల మీదా పెత్తనం చెయ్యకూడదు. నా పట్టింపంతా అదే.

ముందుగా, స్కానర్‌కి ఒక ఖాతా, ఇంటి డబ్బుకి ఇంకో ఖాతా పెట్టుకో. సరుకు తెచ్చుకునే డబ్బు, పిల్లల ఫీజులు, మీ ఆయన జీతం ఏదీ స్కానర్ ఖాతాలో ఉండనివ్వకు. వచ్చినదాన్ని రెండు మూడు రోజులకోసారి ఇంటి ఖాతాకి మార్చుకో. ఎందుకంటావా? ఎక్కడో ఎవరినో మోసం చేసి లాగిన డబ్బు చేతులు మారి మారి, చివరికి ఒకడు నీ దగ్గర ఐదొందల సరుకు కొని స్కాన్ చేస్తాడు. పోగొట్టుకున్నవాళ్లు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తారు. పోలీసులు ఆ డబ్బు వెళ్లిన దారి పట్టుకుని వరసగా ఖాతాలు ఆపమని బ్యాంకులకు చెబుతారు. అందులో నీదీ ఉంటుంది. మా వీధిలో కూరగాయలు అమ్మే ఆమెకి ఇలాగే జరిగింది. మార్కెట్లో సరుకు వేయించుకుని డబ్బు కట్టబోతే పోలేదు. బ్యాంకుకి పోతే వేరే రాష్ట్రం పోలీసులను అడగమన్నారు. పాపం, ఆమె చేసిన నేరం వంకాయలు అమ్మడమే.

అలాంటిది నీకు వస్తే భయపడకు, ఏడుస్తూ కూర్చోకు. ఏ పోలీస్ స్టేషన్, ఏ ఫిర్యాదు నంబరు, ఎంత డబ్బు గురించి, ఈ మూడూ కాగితం మీద ఇమ్మని బ్యాంకును అడుగు. అది నీ హక్కు. నోటిమాటతో వెనక్కి రాకు. గొడవలో ఉన్నది ఐదొందలైతే ఆ ఐదొందలే ఆపి మిగతాది వదలమని అర్జీ పెట్టు. ఇలాంటి కేసుల్లో కేరళ హైకోర్టు 2023లో అదే చెప్పింది, అనుమానం ఉన్న మొత్తం వరకే ఆపాలని. ఏ రోజు ఏం అమ్మావో చూపించడానికి బిల్లు పుస్తకం కావాలి. చిన్న కొట్టుకి బిల్లులెందుకులే అనుకోకు, పెద్ద బేరాలకైనా రాయి.

ఇక రొక్కం. నువ్వు ఎంత స్కానర్ పెట్టినా రొక్కం వద్దనకు. పాకల నుంచి వచ్చే బెస్తవాళ్లలో చాలామంది చేపలమ్మిన డబ్బు చేతిలో పట్టుకుని వస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రోజుల్లో వాళ్లకి ఖాతా మీద సరుకివ్వాల్సి వస్తుంది, తర్వాత కొంచెం కొంచెంగా తీరుస్తారు. ఫోన్ లేని ముసలమ్మ నోటు పట్టుకుని నిలబడితే, స్కాన్ చేస్తేనే సరుకు అని పంపేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తన డబ్బు ఏ రూపంలో ఇవ్వాలో ఆమె ఇష్టం. పది రూపాయల బిళ్ల కూడా అంతే. మన వైపు ఇప్పటికీ అది చెల్లదని తిప్పి పంపుతుంటారు. అన్ని రకాల పది రూపాయల బిళ్లలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది, అప్పటికి 14 రకాలు ఉన్నాయి. నువ్వు తీసుకో. నువ్వు తీసుకుంటే బజారులో ఇంకో నలుగురు తీసుకుంటారు.

బిల్లు వేసేటప్పుడు ఫోన్ నంబరు అడిగే అలవాటు చేసుకోకు. అప్పు ఖాతా ఉన్నవాళ్లదైతే సరే, సబ్బు బిళ్ల కొన్న ఆడపిల్ల నంబరు మనకెందుకు? గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు 2017 ఆగస్టులో ఒక్కమాటగా చెప్పారు. అది ఢిల్లీలో పెద్దవాళ్ల కోసం చెప్పింది కాదు, నీ కొట్టు ముందు నిలబడ్డ ఆ పిల్లకీ వర్తించాలి. నిన్ను ఎవరైనా ఆధార్ జిరాక్స్ అడిగినా, ఎందుకు అని ఒక్కసారి అడుగు. ఇవ్వక తప్పకపోతే చివరి నాలుగంకెలే కనబడే ఆధార్ వస్తుంది, డౌన్‌లోడ్ చేసుకుని అదివ్వు.

రిజర్వ్ బ్యాంకు డిజిటల్ రూపాయి గురించి అడిగావట. 2022 డిసెంబరు 1న మామూలు జనానికి ప్రయోగంగా మొదలుపెట్టారు. యూపీఐలో నీ ఖాతాలోంచి పోతుంది, ఇందులో నోటే ఫోన్లో ఉన్నట్టు, వడ్డీ రాదు. ఎవరైనా దాంతో ఇస్తామంటే తీసుకో, తప్పులేదు. ఫలానా పనికే ఖర్చుపెట్టేలా ఆ రూపాయికి షరతు పెట్టే వీలు కూడా ఉంది. ఎరువుకిచ్చిన డబ్బు ఎరువుకే పోతుంది అంటే వినడానికి బాగుంటుంది. కానీ నా రూపాయి ఎక్కడ ఖర్చుపెట్టాలో ఇంకొకరు ముందే రాసిపెట్టడం నాకు నచ్చదు. నోటుకి ఆ బంధం లేదు. అందుకే రెండూ ఉండాలంటాను.

తమ్ముడు బిట్‌కాయిన్ అంటున్నాడట. నిషేధం లేదు గానీ మన దేశంలో అది చెల్లుబాటయ్యే డబ్బు కాదు. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఒకదాంట్లో నష్టం వస్తే ఇంకోదాని లాభంలోంచి తీసేసుకునే వీలు కూడా లేదు. టెలిగ్రామ్ గ్రూపులో రోజూ లాభం చూపించేవాడిని నమ్మి కొట్టు డబ్బు అడిగితే, అక్కవని మొహమాటపడకుండా లేదని చెప్పు.

సరుకు కోసం అప్పు యాప్‌ల జోలికి పోకు. ఆ యాప్‌లు ఫోన్లోని నంబర్ల జాబితా, ఎవరితో మాట్లాడామో చూపే కాల్ లాగ్‌లు ముట్టుకోకూడదని 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. ఏ యాప్ అయినా అవి అడిగిందంటే, వెంటనే తీసెయ్.

చివరిది, మీ నాన్న సంగతి. పొలం రిజిస్ట్రేషన్ కాగితాల మీద ఉన్న వేలిముద్రలతో నకిలీ వేళ్లు తయారుచేసి, ఆధార్ ద్వారా ఖాతాల్లోంచి డబ్బు తీసిన కేసులు జరిగాయి. ఆధార్ యాప్‌లో వేలిముద్ర పనిచెయ్యకుండా ఆపే బయోమెట్రిక్ లాక్ ఉంటుంది, ఈ ఆదివారం వచ్చినప్పుడు ఆయన ఫోన్లో వెయ్యి. పింఛను ఇచ్చే రోజు, రేషన్ తెచ్చుకునే రోజు దాన్ని తెరిచి మళ్లీ వెయ్యాలి. ఆయనకి అది చేతకాదు, విసుక్కోకుండా పక్కన కూర్చుని ఆయన చేతే చేయించు. ఫోన్ నంబరు ఆధార్‌కి కలిసి ఉందో లేదో ముందు చూసుకో, లేకపోతే ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లు.

ఇట్లు,
మీ పెద్దమ్మ