పట్టించుకోని చప్పుడు మెదడుకి చేరుతుందా?

ప్రశ్న: పరీక్ష పేపర్లు దిద్దుతుంటే స్టాఫ్‌రూమ్ ఫ్యాన్ చప్పుడు నాకసలు వినపడదు. అది కాస్త కిరకిరమందంటే మాత్రం వెంటనే తలెత్తి చూస్తాను. విననే లేదు, మరి మారిందని ఎలా తెలిసింది?
– ఒక టీచర్, తెనాలి

జవాబు: మీరు విన్నారు టీచర్ గారూ, పట్టించుకోలేదంతే. ఆ రెండూ వేరని మెదడు తరంగాల్లో చూపించిన మనిషి రిస్టో నాటానెన్ (1939–2023). ఫిన్లాండ్ దేశస్థుడు, హెల్సింకి విశ్వవిద్యాలయంలో పనిచేశారు.

ఆయన, ఇద్దరు సహచరులు కలిసి 1978లో ప్రచురించిన ప్రయోగం చూడండి. రెండు చెవుల్లోనూ ఒకే రకం బీప్‌లు వస్తుంటాయి, ఎప్పుడో ఒకటి కాస్త తేడాగా ఉంటుంది. ఒక చెవిని మాత్రమే పట్టించుకోమన్నారు. వదిలేసిన చెవిలో తేడా బీప్ వచ్చినా మెదడు తరంగం కిందికి వంగింది! అదీ సెకనులో పావు వంతు గడవకముందే. దాని పేరు మిస్‌మ్యాచ్ నెగెటివిటీ. ఇంతసేపూ వచ్చిన చప్పుడు జాడని మెదడు కొన్ని సెకన్లు దాచుకుంటుంది. కొత్తది దానితో సరిపోలకపోతే మన ధ్యాసని అటు లాగుతుంది. మీరు తలెత్తేది అప్పుడే.

నాకు ఎక్కువ ఇష్టమైనది ఆయన బృందం 1997లో చేసిన పని. ఎస్టోనియన్ భాషలో ఉన్న ఒక అచ్చు ఫిన్నిష్‌లో లేదు. దాన్ని వినిపిస్తే ఎస్టోనియన్ల మెదళ్ళలో ఆ అల పెద్దగా, ఫిన్‌ల మెదళ్ళలో చిన్నగా వచ్చింది. మరుసటి ఏడాది పసిపిల్లల్ని పరీక్షిస్తే, ఫిన్నిష్ పిల్లలకి ఆరో నెలలో కనిపించిన స్పందన ఏడాది నిండేసరికి తగ్గిపోయింది. ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని పిల్లలు! చెవి మాతృభాషకి అంత త్వరగా అలవాటు పడుతుంది.

నేను చేసేది వినికిడి పరీక్షలు. పెద్దవాళ్ళయితే చప్పుడు వినగానే బటన్ నొక్కుతారు. పొత్తిళ్ళలో బిడ్డ నొక్కలేదుగా! ఈ అలకి బటన్ అక్కర్లేదు, నిద్రపోతున్న పసికందులోనూ కనిపిస్తుంది. అందుకే ఆయన పని మీద నాకంత గౌరవం.

కోమాలో ఉన్నవారిలోనూ దీన్ని వెతుకుతారు. కనిపిస్తే తెలివి వచ్చే అవకాశం ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. కనిపించనంత మాత్రాన ఆశ వదులుకోవాలని కాదు, అది లేకుండానే కోలుకున్నవారూ ఉన్నారు.