ఆరు నెలల ఉద్యోగాన్ని నమ్ముకుని రెండేళ్ల అప్పు

ప్రశ్న: రాయగడలో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో పని చేస్తున్నాను. అక్కడి పర్మనెంటు ఉద్యోగి ప్రసూతి సెలవులో ఉండడంతో ఆమె బదులు ఆరు నెలలకు నన్ను తీసుకున్నారు. ఇప్పుడు నాలుగో నెల. ఆమె సెలవు పూర్తి కాకుండానే వచ్చే నెల చేరుతున్నారని మేనేజర్ అంటున్నారు. మిగిలిన నెలల జీతం నేను అడగవచ్చా? చేతికి 22,000 వస్తుంది. చెల్లెలి నర్సింగ్ ఫీజు కోసం ఫైనాన్స్ కంపెనీలో లక్షన్నర తీసుకున్నాను. 24 నెలలు, 18 శాతం వడ్డీ, ఈఎంఐ 7,490. రెండు కట్టాను. బ్యాంకులో 9,000 ఉంది. ఎందుకైనా మంచిదని ఇంకో 50,000 యాప్‌లో లోన్ తీసి ఉంచుకోనా? పార్వతీపురంలో ఉన్న మామయ్య అక్కడి లేబర్ ఆఫీసుకు వెళ్దామంటున్నారు.

జవాబు: ఆ యాప్ జోలికి వెళ్లకండమ్మా. జీతం ఆగిపోతుందని తెలిసి తెలిసి తీసుకునే అప్పు మిమ్మల్ని ఆదుకోదు. ఏడాదికి 36 శాతం అని అక్కడ చూపిస్తే, మన ఊళ్లలో చెప్పుకునే మూడు రూపాయల వడ్డీ అన్నమాట. యాభై వేలకు నెలకు 1,500 వడ్డీకే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు ముందే పట్టుకుంటే చేతికి యాభై వేలు కూడా రావు. ఊళ్లో ఎవరైనా మూడు రూపాయలు అడిగితే మీరు వద్దనే అంటారు కదా. ఫోన్‌లో అడిగితే ఎందుకు ఒప్పుకోవాలి?

ఇక మీ హక్కుల సంగతి. మీరు పంపిన అపాయింట్‌మెంట్ లెటర్ ఫొటోలో అసలు మాట మొదటి పేజీ చివరన ఉంది: ఆరు నెలలు గానీ, సెలవులో ఉన్న ఉద్యోగి తిరిగి చేరేవరకు గానీ, ఏది ముందైతే అంతవరకు. ఈ ఒక్క వాక్యం వల్ల మిగిలిన నెలల జీతం మీరు అడగలేరు. ఈ వాక్యం లేకుండా ఫలానా తేదీ వరకు అని మాత్రమే ఉండి, మధ్యలో తీసేసే షరతు ఇంకెక్కడా లేకపోతే కథ వేరు. అప్పుడు ఒప్పందం ఉల్లంఘించారని గట్టిగా అడగవచ్చు. ఇలాంటి ఉద్యోగాల్లో చేరే చాలామంది జీతం అంకె చూసి సంతకం పెట్టేస్తారు, ఈ లైను చదవరు.

కొందరు రిట్రెంచ్‌మెంట్ పరిహారం, అంటే కంపెనీ ఉద్యోగం తీసేసినప్పుడు ఇచ్చే డబ్బు, వస్తుందని ఆశ పెడతారు. నెల నోటీసు, పరిహారం ఇవ్వాలన్న ఆ రక్షణ ఏడాదిలో కనీసం 240 రోజులు పని చేసినవారికే. ప్రసూతి సెలవు చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, అంటే 182 రోజులు. సెలవు మొత్తం మీరే పని చేసినా 240 దాటదు. పైగా ఒప్పందంలో రాసుకున్న షరతు ప్రకారం ముగిసిన ఉద్యోగాన్ని రిట్రెంచ్‌మెంట్‌గా లెక్కపెట్టరు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో నిర్ణీత కాలం ఉద్యోగులకు ఏడాదికే గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) ఇవ్వాలని ఉంది, మీకు ఆ ఏడాది కూడా నిండదు. సెలవులో ఉన్నావిడ మీద మాత్రం కోపం పెట్టుకోకండి. ప్రసవం తర్వాత ఆరు వారాల పాటు ఆమె చేత పని చేయించకూడదన్నది చట్టం. అది దాటాక తొందరగా రావాలనుకుంటే రావచ్చు. ఆ కుర్చీ ఆమెది.

మీకు దక్కేవి రెండున్నాయి, వాటిని వదలకండి. లెటర్ రెండో పేజీలో 15 రోజుల నోటీసు లేదా దానికి బదులు జీతం అని ఉంది. అంటే సుమారు 11,000. చివరి రోజు తర్వాత రెండు పని దినాల్లో మీకు రావాల్సిన జీతం లెక్క తేల్చి ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. మేనేజర్ నోటిమాట మీద ఉండిపోకండి. చివరి పని దినం ఏది, నోటీసు ఎప్పుడిస్తారు, లెక్క ఎప్పుడు తేలుస్తారు అని ఈ వారమే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి. ఇవ్వకపోతే పార్వతీపురం వెళ్లి లాభం లేదు. మీ ఆధార్ ఆంధ్రాదైనా మీరు పని చేసింది ఒడిశాలో, కాబట్టి రాయగడ జిల్లా లేబర్ ఆఫీసుకే వెళ్లాలి. సరిహద్దులో ఉన్న మనవాళ్లు ఇక్కడే తప్పుదారి పట్టి నెలలు పోగొట్టుకుంటారు.

ఇప్పుడు నాకు అసలు బాధగా ఉన్న విషయం చెప్తాను. చెల్లెలి చదువు మంచి కారణమే, కాదనను. కానీ ఆరు నెలలకు మించి గ్యారంటీ లేని జీతం మీద 24 నెలల ఈఎంఐ ఎత్తుకున్నారు. ఒకరి బదులు పని చేసేవారికి ఎమర్జెన్సీ ఫండ్ మొదటి నెల జీతం నుంచే మొదలు కావాలి, అప్పు ఆలోచన ఆ తర్వాతే. మీరు రాసిన ఖర్చులు చూస్తే అద్దె 4,500, తిండి 4,000, అమ్మకు 3,000, బస్సు, ఫోను 1,000, ఈఎంఐతో కలిపి నెలకు 19,990. చేతిలో ఉన్న 9,000 పదిహేను రోజులకు కూడా సరిపోదు. మూడు నెలలకు 60,000 కావాలి. అప్పే లేకపోతే నెలకు 12,500తో గడిచేది, మూడు నెలలకు 37,500 చాలేది. ఈఎంఐ వల్ల మీకు కావాల్సిన నిల్వ అంత పెరిగింది, దాన్ని పోగేసే శక్తీ అంత తగ్గింది.

కాబట్టి వచ్చే జీతం, నోటీసు డబ్బు వస్తే అదీ, వేరే ఖాతాలో వేసి తాకకండి. ఆ డబ్బుతో లోన్ ముందే తీర్చేద్దామని ఎవరైనా అన్నా వినకండి. కంతు తప్పకముందే ఫైనాన్స్ కంపెనీకి వెళ్లి కాలం 36 నెలలకు పెంచమని అడగండి. ఒప్పుకుంటే ఈఎంఐ సుమారు 2,000 తగ్గుతుంది. మొత్తం మీద వడ్డీ ఎక్కువే కడతారు, అయినా కంతు తప్పి సిబిల్ (అప్పులు ఎలా కడుతున్నారో చూపే స్కోరు) పాడవడం కంటే నయం. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టడం యాప్ కన్నా మేలు, అదీ ఆఖరి దారిగానే. కంపెనీ ఆరోగ్య బీమా ఉంటే అది ఉద్యోగంతో పాటే ఆగిపోతుందని గుర్తుంచుకోండి.

పీఎఫ్ పోర్టల్‌లో మీ ఉద్యోగం ముగిసిన తేదీ పడిందో లేదో చూసుకోండి. కంపెనీ వేయకపోతే చివరి జమ తర్వాత రెండు నెలలు ఆగి మీరే వేసుకోవచ్చు. కొత్త చోట చేరినప్పుడు పాత యూఏఎన్ (పీఎఫ్‌కు మీ పేరు మీద ఉండే ఒకే నంబరు) ఇవ్వండి.